పార్టు రావాలి

మేడమీది ఇల్లు,
వానలు మొదలైన వారం

చిన్న మెకానిక్‌కి వదిన ఆశీస్సులు.

ఫోన్ ఉండగా ఈవిడకి ఉత్తరం రాసే బుద్ధి ఎందుకు పుట్టిందా అనుకుంటున్నావేమో. ఫోన్ పట్టుకుంటే చాలు, మీ అన్నయ్య వచ్చి పక్కన కూర్చుంటారు. ఎవరు, ఏమంటున్నారు, నా గురించేనా అని అడుగుతూనే ఉంటారు. ఉత్తరమైతే సరుకుల చీటీ రాస్తున్నాననుకుని వదిలేస్తారు. నువ్వూ ఉత్తరమే రాయి. కింది వాటా టైలరమ్మ పేరున పంపితే నాకు చేరుతుంది.

విషయం చెబుతాను, నవ్వకు. నాకో మంచి స్క్రూడ్రైవర్ కావాలి. కుట్టుమిషన్ల మెకానిక్‌ని కట్టుకుని జుట్టు నెరిసేదాకా కాపురం చేసినదానికి ఇదేం కోరిక అంటావు. ఉన్న సంగతే చెబుతున్నా. ఇల్లు పాతబడింది కదా, అన్నీ వదులైపోతున్నాయి. వంటింటి అలమర తలుపు, కుర్చీ కాలు, కిటికీ గడియ, ఒకటి బిగిస్తే ఇంకోటి.

వీధి చివర తోపుడు బండి మీద ఒకటి కొన్నాను. పిడి ఒకటే, బిట్లు మార్చుకోవచ్చు, జీవితాంతం చూసుకోనక్కర్లేదన్నాడు. వాడి జీవితమో నా జీవితమో అడగలేదు. నాలుగు తిప్పులకే బిట్టు మొన అరిగింది, స్క్రూ తల గుండ్రమైంది. పైగా బిట్టు పిడిలో నిలవదు. తిప్పి వెనక్కి లాగితే అది స్క్రూలోనే ఉండిపోతుంది, నా చేతిలో ఉత్త పిడి మిగులుతుంది.

నువ్వు రోజంతా వాటి మధ్యనే బతుకుతావు గనక ఏది కొనాలో రాయి. నా మణికట్టు నొప్పి సంగతి తెలుసుగా, దానికి తగ్గది చెప్పు. నీ ఒంట్లో ఎలా ఉంది? ఇంకా ఆ కొట్లో నిలబడే పనేనా?

మీ వదిన


సామాన్ల కొట్టు, గల్లా వెనక బల్ల

వదినకు నమస్కారం.

నవ్వొద్దన్నారు గానీ నవ్వాను. మిఠాయి కొట్టావిడ పక్కింటికెళ్ళి పంచదార అడిగినట్టుంది. అవును, నిలబడే పనే. సాయంత్రానికి కాళ్ళు పీకేస్తాయి. మా యజమాని కుర్చీ వేయించడు, కూర్చుంటే బేరం పోతుందట.

సరే, వినండి. మా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు వంద బిట్ల పెట్టెకే చెయ్యి చాపుతారు. ఇంట్లో వాడేవి నాలుగైదు, మిగతావి పారేసుకోవడానికి. మీకు కావలసింది ఒక మంచి పిడి. ప్లస్ స్క్రూలకి మధ్య సైజు బిట్లు ఒక జత, చిన్నది ఒకటి. తల మీద ఒక్కటే గీత ఉండే గాటు స్క్రూలకి వెడల్పుది ఒకటి, సన్నది ఒకటి. పిడి లావుగా, గుప్పిట నిండా ఉండాలి, చేతికి రబ్బరు తగలాలి. సన్న పిడైతే బరువంతా మణికట్టు మీదే పడుతుంది. బిట్టుని స్క్రూ తలలో పెట్టి కాస్త కదిపి చూడండి. ఊగకపోతే అది దాని జోడీ. ఊగితే సైజు తప్పు. తిప్పేముందు గట్టిగా నొక్కాలి. అందరికీ తిప్పడమే తెలుసు, నొక్కడం తెలీదు, స్క్రూ తలలు పాడయ్యేది అందుకే.

పట్టుకునే చోట అయస్కాంతం ఉంటే మంచిదే గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. మీరన్నట్టు బిట్టు స్క్రూలో మిగిలిపోయేది అది నీరసంగా ఉన్నప్పుడే.

ఇదంతా అన్నయ్య దగ్గర నేర్చుకున్నదే. గుర్తుందా, గాటు స్క్రూ బిగించాక ఆ గాటు నిలువుగా నిలబడకపోతే మళ్ళీ విప్పించేవాడు. మిషన్ తిరుగుతోంది కదా అన్నయ్యా అంటే, తిరిగేది మిషన్, చూసేది మనిషి అనేవాడు. షాపుకొచ్చిన వాళ్ళతో మాత్రం మాటలు తక్కువ. పనయితే "తీసుకెళ్ళండమ్మా". కాకపోతే "పార్టు రావాలమ్మా, తర్వాత రండి". ఆ పార్టు ఎక్కణ్ణుంచి రావాలో నాకూ చెప్పేవాడు కాదు. అది బాగవదని చెప్పడానికి నోరు రాక అలా అనేవాడని నాకు చాలా కాలానికి తెలిసింది.

అది సరే వదినా, అన్నయ్య పెట్టె ఏమైంది? ఇనప పెట్టె నిండా స్క్రూడ్రైవర్లుంటే మీరు తోపుడు బండి దగ్గరకెళ్ళడమేమిటి? ఇల్లు పాతబడితే ఒకటి రెండు వదులవుతాయి గానీ, అన్నీ ఒక్కసారే వదులవవు.

చిన్న మెకానిక్


మేడమీది ఇల్లు,
ముసురు

చిన్న మెకానిక్‌కి,

నీ దగ్గర దాచి నేను బావుకున్నదేం లేదు. స్క్రూలు వాటంతటవి వదులవడం లేదు. మీ అన్నయ్య విప్పుతున్నారు.

డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు. మొదట్లో తారీఖులు, తాళంచెవులు, అంతే. తర్వాత ఒకనాడు బజారు నుంచి వచ్చేసరికి కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు చోట్ల, ఆయన మధ్యలో కూర్చుని తుడుస్తూ ఉన్నారు. ఏమిటండీ ఇది అంటే, సర్వీసింగ్ అన్నారు. అప్పటినుంచి రోజూ ఏదో ఒకటి. విప్పడం వరకే. మళ్ళీ బిగించడం గుర్తుండదు. స్క్రూలన్నీ చొక్కా జేబులో వేసుకుని, ఏది దేనిదో తెలీక నా మొహం చూస్తారు. పొద్దంతా ఆయన విప్పితే, సాయంత్రమంతా నేను బిగిస్తాను. ఇల్లు కూలకుండా ఉందంటే నా చలవే.

పెట్టె తీసుకెళ్ళి టైలరమ్మ ఇంట్లో దాచాను. తెలివైన పని చేశాననుకున్నా. ఆ రోజంతా ఇల్లంతా వెతికారు. మర్నాడు కూరగాయల కత్తి మొనతో స్విచ్చుల పలక విప్పబోయారు. జారి అరచేయి తెగింది. రక్తం కారుతుంటే చేతిని చూడరు, స్క్రూ తల పాడైందని బాధ. "ఎవరు చేశారీ పని, దరిద్రపు పనివాడు" అని తిట్టారు. తిట్టింది తననే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కరెంటు తీసి ఉండబట్టి సరిపోయింది.

అమ్మాయికి ఇదంతా రాయకు. దానికి తెలిస్తే వెంటనే వచ్చి ఆయన్ని ఎక్కడో చేర్పిస్తానంటుంది. చెయ్యి తెగింది గాజు పెంకు వల్ల అని చెప్పాను. నిజం చెప్పనా, అలిసిపోయాను. స్నానం చేయించి అలిసిపోయా, వెతికి అలిసిపోయా, అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెప్పి అలిసిపోయా. అయినా ఇంకా అడుగుతున్నానంటే స్క్రూడ్రైవర్ గురించే.

మీ వదిన


సామాన్ల కొట్టు, వెనక గోడౌన్

వదినకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాను. కొట్లో ఒకాయన బోల్టు అడిగితే మేకులిచ్చాను.

నా మాట వినండి. పెట్టె దాచడం తప్పు. పనిముట్టు లేకపోతే అన్నయ్య పని మానడు, కత్తి పట్టుకుంటాడు. మంచి పనిముట్టు చేతిలో ఉంటే చెయ్యి తెగదు, స్క్రూ పాడవదు. పెట్టె మొత్తం ఇవ్వొద్దు. అందులో సూదిమొనలున్నవీ ఉన్నాయి. దీంతో పార్సిల్ పంపుతున్నాను. నేను చెప్పినలాంటి పిడి, బిట్లు ఐదు. పిడి మెడ దగ్గర ఒక రింగు ఉంటుంది. అది ఒకవైపు పెడితే బిగించేటప్పుడే పట్టుకుంటుంది, విప్పబోతే ఊరికే గిర్రుమని తిరుగుతుంది. బిగించే వైపు పెట్టి ఆయన చేతికివ్వండి. పొద్దంతా తిప్పినా ఒక్కటీ ఊడదు. నా తెలివి ఎలా ఉంది?

ఇంకొకటి, చెక్కపలక ఒకటి పంపుతున్నాను. రకరకాల స్క్రూలు బిగించి పెట్టాను. విప్పాలనిపిస్తే దాన్ని విప్పుకోమనండి.

మీరు బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు ఉంది. చెక్కలో పాత రంధ్రంలోకి స్క్రూ పెట్టగానే బిగించకండి. ముందు కాస్త వెనక్కి, ఎడమవైపు తిప్పండి. టక్కుమని చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది. పాత దారి దొరికిందన్నమాట. అప్పుడు కుడికి తిప్పితే మీ మణికట్టుకి పనే ఉండదు. కొత్త దారి తవ్వారో, రంధ్రం పెద్దదై మూడోసారికి పట్టుకోదు.

పాప నాకు ఫోన్ చేసింది. ఊరికే, కులాసాగా ఉన్నావా బాబాయ్ అని. నేనేం చెప్పలేదు.

రావాలనే ఉంది. ఈ నెల సరుకు లెక్కలు. చూస్తాను.

చిన్న మెకానిక్


మేడమీది ఇల్లు,
వానలు వెలిశాక

చిన్న మెకానిక్‌కి,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ పిడి ఆయన చేతిలో పెట్టాను. ఒకసారి తిప్పారు, గిర్రుమంది. ఇంకోసారి తిప్పారు, గిర్రుమంది. బొటనవేలితో ఆ రింగుని అటు తోసేసి విప్పడం మొదలుపెట్టారు. చూపు కిటికీ వైపే ఉంది, దాని వంక చూడనైనా లేదు. పొద్దున ఏం తిన్నారో చెప్పలేని మనిషి.

నీ చెక్కపలక సంగతి ఇంకా బాగుంది. తిరగేసి చూసి, "ఇవి దేన్ని పట్టుకున్నాయి?" అన్నారు. దేన్నీ కాదండీ, ఊరికే అన్నాను. "ఊరికే ఎందుకు బిగిస్తారు, చిన్నపిల్లల ఆట" అని పక్కన పడేశారు. కోపం రాలేదు నాకు. ఒక్క నిమిషం నా మొగుడు నాకు తిరిగొచ్చినట్టయింది.

కాబట్టి ఇలా సర్దుకున్నాను. వంటింటి అలమర ఆయనది. గాజు సామానంతా తీసేశాను. అన్నీ గాటు స్క్రూలే, పాతకాలంవి. పొద్దున టిఫిను కాగానే పిడి, వెడల్పు బిట్టు ఇస్తే తలుపులు విప్పుతారు, తుడుస్తారు, స్క్రూలు సబ్బుపెట్టెలో వేస్తారు. మధ్యాహ్నం పడుకుంటారు. ఆయన లేచేలోగా నేను బిగిస్తాను. నువ్వు చెప్పినట్టు వెనక్కి తిప్పితే టక్కుమంటోంది! మొదటిసారి విన్నప్పుడు ఎంత సంబరపడ్డానో చెబితే నవ్వుతావు. గాటు నిలువుగా పెట్టడం మాత్రం చాతకావడం లేదు. నిలువుకి వచ్చేసరికి వదులుగా ఉంటుంది, బిగిసేసరికి అడ్డం తిరుగుతుంది.

మంచి పిడి ఆయనకే ఇచ్చేశాను. నాకు ఆ తోపుడు బండిది చాలు. ఆయన చేతిలో అది చూడముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు నా భయమంతా వీధి తలుపుతో. తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకుంటాను. కానీ నిన్న తలుపు ముందు కూర్చుని తాళం పలక స్క్రూలకేసి చూస్తున్నారు. అది ఊడితే మెట్లు, మెట్లు దిగితే బస్సుల రోడ్డు. ఎక్కడికండీ అంటే "షాపు తీయాలి" అన్నారు. షాపు మూసి ఎంత కాలమైందో నీకు తెలుసు. ఏం చేయాలో చెప్పు.

మీ వదిన


సామాన్ల కొట్టు, గల్లా వెనక బల్ల

వదినకు,

తలుపుకి ఇవి వాడండి. తలలో స్టార్ ఆకారం గుంట, దాని నడుమ చిన్న మొన పొడుచుకొచ్చి ఉన్న స్క్రూలు. మామూలు బిట్టు ఏదీ వీటిలో దూరదు, నడిమధ్య రంధ్రం ఉన్న స్టార్ బిట్టే కావాలి. అది ఒక్కటే పంపుతున్నాను. తాళం పలకకీ, తలుపు మడత బందులకీ పాత స్క్రూలు తీసేసి ఇవి బిగించండి. బిట్టు మీ దగ్గర తప్ప ఇంట్లో ఎక్కడా ఉండకూడదు. కొంగుకి ముడేసుకుంటారో, మెళ్ళో వేసుకుంటారో మీ ఇష్టం.

ఇంకో మాట రాయక తప్పదు. పాప ఊరికే ఫోన్ చేయలేదు. గాజు పెంకు కథ నమ్మలేదు, టైలరమ్మని అడిగి అంతా తెలుసుకుంది. వాళ్ళ ఊళ్ళో ఇలాంటివాళ్ళని చూసుకునే ఇల్లుందట. అన్నయ్య పేరు రాయించింది. మంచం ఖాళీ అవ్వగానే కబురు చేస్తారు. మిమ్మల్ని ఒప్పించమని నన్ను బతిమాలింది. సరేనన్నాను. ముందే చెప్పకపోవడం నా పిరికితనం.

పాప చెడ్డది కాదు వదినా. "నాన్న సంగతి తర్వాత బాబాయ్, ముందు అమ్మ పోయేలా ఉంది" అని ఏడ్చింది.

చిన్న మెకానిక్


మేడమీది ఇల్లు

మరిదికి,

ఆయన వెళ్ళిపోయారు. కంగారుపడకు, దొరికారు. అయినా వెళ్ళిపోయారు.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. అందరూ కలిసి ఫోన్లలో నా ఇల్లు పంచుకుంటున్నారనుకున్నా. ఆ కోపంలోనే ఆ స్టార్ స్క్రూలన్నీ బిగించాలని కూర్చున్నాను. బందులు అయ్యాయి. తాళం పలకకి చివరిది బిగిస్తుండగా పాలు పొంగిన వాసన. పిడి చేత్తోనే పరుగెత్తాను. స్టవ్ ఆపి, గట్టు కడిగి, పిడిని అక్కడే పెట్టి ఇంకేదో పనిలో పడ్డాను. పిడి నాతోనే ఉంది కదా, ఇంకేం భయం అనుకున్నా. తోపుడు బండి పిడి. బిట్టు స్క్రూలోనే ఉండిపోయింది. ఆ సంగతి నీకు నేనే మొదటి ఉత్తరంలో రాశాను చూడు.

ఆయన తన పిడి పట్టుకెళ్ళి, ఉత్త గుంటని ఆ బిట్టు మీద తొడిగి ఉంటారు. పిడి ఏదైనా గుంట ఒకటే కదా. మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం పలక నేల మీద, దాని మీద నాలుగు స్క్రూలూ వరసగా పేర్చి ఉన్నాయి. ఎప్పుడూ జేబులో వేసుకునే మనిషి ఆ రోజే పద్ధతిగా పేర్చారు.

చెప్పులు లేకుండా వీధులన్నీ తిరిగాను. కనపడిన వాళ్ళనల్లా అడిగాను. చివరికి టైలరమ్మే తీసుకొచ్చింది. మన పాత షాపు మెట్ల మీద, మూసి ఉన్న షట్టర్ ముందు కూర్చున్నారట. బస్సుల రోడ్డు దాటి వెళ్ళారు. ఎలా దాటారో ఎవరూ చూడలేదు. చేతిలో పిడి ఉంది. నన్ను చూసి "ఆలస్యమైందే, చిన్నోడింకా రాలేదు" అన్నారు. చిన్నోడంటే నువ్వే.

నా తప్పే. తిట్టాలనుకుంటే తిట్టు.

అమ్మాయికి నేనే ఫోన్ చేసి, మంచం ఖాళీ అయితే తీసుకెళ్ళమని చెప్పాను. నువ్వు ఒప్పించనక్కర్లేదు. ఇక నా వల్ల కాదు.

మీ వదిన


సామాన్ల కొట్టు, మూసే వేళ

వదినకు,

ఎవరు తిడతారు మిమ్మల్ని? ఇది మీ తప్పు కాదు. బిట్టు తప్పు కూడా కాదు, అది స్క్రూని గట్టిగా పట్టుకుంది, దాని పని అదే. పట్టుకోవలసిన పిడి దాన్ని వదిలేసింది. రెండు పిడులు పంపాల్సింది, ఒకటే పంపాను. మంచిది మీరు ఆయనకే ఇచ్చేస్తారని నాకు తెలియాలి.

ఈసారి మెడ దగ్గర లాగే గొట్టం ఉన్న పిడి తెస్తున్నాను. గొట్టాన్ని ముందుకి లాగితే తప్ప బిట్టు బయటికి రాదు. కొట్లో ఉన్నవన్నీ తీసి, బిట్టు పెట్టి, పట్టకారుతో లాగి చూశాను. ఒక్కటి మాత్రం వదల్లేదు. అదే మీకు. ఇంట్లో వాడేదానికి నేను చూసేది ఇక ఇదొక్కటే. పట్టు ఉందా లేదా. మిగతావన్నీ సోకులు.

తెస్తున్నాను అన్నాను చూడండి, పంపడం లేదు. ఆదివారం వస్తాను. సరుకు లెక్కలు, యజమాని, ఇవన్నీ సాకులు వదినా. అన్నయ్య నన్ను చూసి ఎవరు నువ్వు అంటాడేమోనని రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పని నేర్పింది నాకే. ఆ మాట వినే ధైర్యం లేక ఊరికే బిట్లు పంపుతూ కూర్చున్నాను. మీరు మాత్రం రోజూ వింటున్నారు. చిన్నోడింకా రాలేదన్నాడని రాశారు కదా, అది చదివాక ఇక ఉండబుద్ధి కాలేదు.

మంచం సంగతి ఒళ్ళు అలిసినప్పుడు తేల్చకండి. పాప చెప్పిన ఆ ఇంటికి పంపాలనుకుంటే నేనే తోడొస్తాను. వద్దనుకుంటే నెలనెలా వచ్చి రెండు రోజులు నేను చూసుకుంటాను, మీరు పడుకోండి. పాపకీ అదే చెప్పాను.

చిన్న మెకానిక్


మేడమీది ఇల్లు,
ఎండలు ముదిరాయి

చిన్న మెకానిక్‌కి,

నువ్వొచ్చి వెళ్ళడం ఇది ఎన్నోసారో గానీ, మొదటిసారి ఆయన నిన్ను "ఏ షాపు నుంచి వచ్చావబ్బాయ్" అన్నప్పుడు నీ మొహం నేను చూశాను. చూడనట్టు వంటింట్లోకి వెళ్ళాను. నువ్వు పక్కనే కూర్చుని స్క్రూలు అందిస్తుంటే సాయంత్రానికి "వీడు పనికొస్తాడు" అన్నారు. నువ్వు నవ్వావు. ఆ రెండు రోజులూ నేను పడుకున్న పడక చాలా కాలానికి పడుకున్న పడక.

తలుపు బాగుంది. బిట్టు నా మెళ్ళో గొలుసుకే ఉంది, స్నానంలో కూడా తీయను. కొన్నాళ్ళు ఆయన రోజూ తలుపు ముందు కూర్చునేవారు. ఉన్న బిట్లన్నీ ఒక్కోటీ పెట్టి చూసేవారు, ఏదీ దూరదు. గొలుసు నా మెడకి గుచ్చుకుంటున్నట్టుండేది. ఆయన నమ్మిన పనితోనే ఆయన్ని మోసం చేస్తున్నానని ఏడుపొచ్చేది. ఒకరోజు అన్నీ పెట్టి చూసి, పిడి తుడిచి, బిట్లు సబ్బుపెట్టెలో వేసి, నావైపు తిరిగి ఏమన్నారో తెలుసా? "పార్టు రావాలమ్మా, తర్వాత రండి." లేచి వెళ్ళి పడుకున్నారు. అప్పటినుంచి తలుపు దగ్గర కూర్చున్నా గొడవ లేదు. చూస్తారు, పార్టు రావాలంటారు, లేస్తారు. బాగవదని నాకు చెప్పడానికి నోరు రావడం లేదేమో మరి.

ఇక నిన్నటి సంగతి. ఉదయం అమ్మాయి ఫోన్ చేసింది. మంచం ఖాళీ అయిందట. సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తారట. "అమ్మా, నీ ఇష్టం, ఈసారి నేనేమీ అనను" అంది. ఆ మాట అంటుంటే దాని గొంతు కూడా అలిసిపోయి ఉంది.

ఏం చెప్పాలో తెలీక అలమర బిగిస్తూ కూర్చున్నాను. ఆయన ఎప్పుడు నిద్ర లేచారో చూసుకోలేదు. వెనకే నిలబడి ఉన్నారు. పట్టుబడ్డాననుకున్నాను, ఇన్నాళ్ళూ ఆయన విప్పింది నేను బిగిస్తున్నట్టు ఆయనకి తెలీదు కదా. వంగి తలుపు మీద వేలితో ఒక్కో స్క్రూ తడిమారు. పైనుంచి కిందికి అన్ని గాట్లూ నిలువుగా ఉన్నాయి. ఈ మధ్యే వచ్చింది నాకు ఆ పని. నీకు చూపించాలనుకున్నాను గానీ సిగ్గేసింది.

"ఎవరు బిగించారు?" అన్నారు.

"నేనేనండీ."

నా మొహంలోకి చూశారు. ఎంతసేపు చూసినా ఆ కళ్ళలో నేను లేను. కొత్తమనిషిని చూసే చూపే.

"చెయ్యి బాగుందమ్మా. ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఆయన దగ్గర."

"మంచి పనివాడయ్యుంటాడు." మళ్ళీ గాట్లు తడిమి, "రేపట్నుంచి షాపుకి రండి. నాకూ ఒక్కణ్ణికి అవడం లేదు" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో తన ఇనప పెట్టె మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వని మనిషి. నీకు తెలుసుగా, మూత తీస్తే చాలు, సైజులు కలిసిపోతాయని అరిచేవారు. ఏడవాలో నవ్వాలో తెలీలేదు, రెండూ చేశాను. ఆయన కంగారుపడి, పని రాకపోతే నేర్పుతాలెండి అన్నారు.

సాయంత్రం మంచం ఇచ్చే ఆ ఇంటివాళ్ళే ఫోన్ చేశారు. ఏం చేస్తారమ్మా, పంపుతున్నారా అని మర్యాదగా అడిగారు. ఆయన పక్కకొచ్చి కూర్చుని, ఎవరు, ఏమంటున్నారు అంటున్నారు. మణికట్టు సలుపుతోంది, కళ్ళు మూసుకుపోతున్నాయి, రేపు కూడా ఇంతే అని తెలుసు. ఎన్నాళ్ళు ఓపగలనో తెలీదు. పంపననీ అనలేకపోయాను, పంపుతాననీ అనలేకపోయాను.

"ఇంకో పార్టు రావాలమ్మా" అన్నాను. "వచ్చాక చెబుతాను."

ఆయన తలూపారు. సరిగ్గా చెప్పానన్నట్టు.

మీ వదిన